ఎండ పడే మూలగది

మాస్ నది వరసగా రెండో చలికాలం కూడా ఇళ్ళలోకి వచ్చిన ఏడు అది. మొదటిసారి వచ్చినప్పుడు జనం ఏడ్చారు. రెండోసారి ఏడవలేదు, తిట్టుకున్నారు. నీళ్ళు తీశాక హూబ్ వాళ్ళ ఇంట్లో బురద మిగిలింది. గోడ మీద చెయ్యి వేస్తే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చేది. వాళ్ళమ్మ పైనుంచి కిందికి సున్నం కొట్టించింది. సున్నం వాసన నాలుగు రోజుల్లో పోయింది గాని నీళ్ళ వాసన పోలేదు. రొట్టె కోస్తే అదే, దుప్పటి కప్పుకుంటే అదే. చెట్లు చిగురు తొడగగానే హూబ్ సంచి సర్దుకుని ఉత్తరాన ఉన్న ఉట్రెక్ట్ పట్నం బయల్దేరాడు. ఇరవై రెండేళ్ళవాడు. అక్కడ ఒక బేకరీలో పని దొరికింది. ఉండడానికి చోటే దొరకలేదు.

చదువుకునే పిల్లల ఇల్లొకటి చూశాడు. అక్కడ ఖాళీ అయింది ఒక గది, వచ్చింది గుంపు. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, చేతికి బీరు ఇచ్చి, ఒక్కొక్కరినీ తమ గురించి ఏదన్నా తమాషాగా చెప్పమన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేత పాట పాడించినట్టు ఒక్కొక్కరూ పాడారు. హూబ్ నోరు విప్పగానే వాడి దక్షిణాది యాసకు ఒకమ్మాయి నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ కబురు చేస్తామన్నారు. చేయలేదు. తర్వాత ఒక విధవరాలి ఇంట్లో వెనక గది చూశాడు. స్నానం శనివారం మాత్రమే అందావిడ. పది దాటితే తలుపు తీయనంది. గదిలోకి చేపల వేపుడు వాసన వస్తోందంటే, ముక్కు నాది కాదుగా అంది.

మూడోది కాలవ గట్టున ఉన్న వృద్ధాశ్రమం. దాన్ని మూసేస్తున్నారు. ఊరి చివర కొత్తది కట్టారు. ఆ పట్నంలో ఖాళీ ఇల్లు కనపడితే తాళం పగలగొట్టి దూరేవాళ్ళుంటారు. వాళ్ళు దూరకుండా, ఖాళీ కొంపల్లో కుర్రాళ్ళను కాపలాగా దించే సంస్థలున్నాయి. అద్దె పేరుకే. పొమ్మన్ననాడు నోరెత్తకుండా పోవాలి. సంస్థ ఆసామి తాళాలగుత్తి వేలికి తగిలించుకుని తిప్పుతూ, ఖాళీగా ఉన్న గదుల్లో నీకిష్టమైంది చూసుకో అన్నాడు. ఎక్కడ పడుకుంటావో నువ్వే ఎంచుకోమని హూబ్‌తో అంతవరకు ఎవరూ అనలేదు. ఆ మాటకే సంతకం పెట్టాడు.

ఎంచుకోబోతే మిగిలింది ఒకటే. కింది అంతస్తులో ముసలివాళ్ళకు స్నానాలు చేయించిన గది. తొట్టి పీకేశారు, దాని కాళ్ళు దిగిన నాలుగు గుంటలు నేలలో ఉన్నాయి. గోడ పట్టుకు నడిచే ఇనప కడ్డీలు ఉన్నాయి. గోడంతా నున్నటి తెల్లరాళ్ళు. నేల మధ్య నీళ్ళు పోయే జల్లెడ, దానిలోంచి వెంట్రుకలూ సబ్బూ కలిసి కుళ్ళిన వాసన. హూబ్ జల్లెడ మీద సంచి పెట్టి చూశాడు, ఇటుక పెట్టి చూశాడు. వాసన ఇటుకను ఖాతరు చేయలేదు. పొద్దున లేచేసరికి పరుపు అడుగు చెమ్మగిల్లి ఉండేది. నీళ్ళ నుంచి పారిపోయి వచ్చి నీళ్ళ గదిలో పడ్డాను అనుకున్నాడు. 

అసలు సంగతి మొదటి సాయంత్రం వంటగదిలో తెలిసింది. వృద్ధాశ్రమం ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. రెండో అంతస్తులో కొందరు ముసలివాళ్ళు ఉన్నారు. కొత్తచోట పడక అమరినప్పుడల్లా ఒకరిని తరలిస్తున్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగే ఓపిక సంస్థకు లేదు. అందుకని పైన ముసలివాళ్ళు ఉండగానే కింద కుర్రాళ్ళు దిగారు. ఒకే లిఫ్టు. పైకి మెత్తగా ఉడికిన కూరల పళ్ళాలు పోయేవి, కిందికి ఖాళీ మంచాలు వచ్చేవి.

గది మారాలంటే ఎలాగని హూబ్ అడిగితే అన్నెలోట్ చెప్పింది. ఆ పిల్ల వైద్యం చదువుతోంది. మెత్తగా మాట్లాడుతుంది. రొట్టె మీద వెన్న అంచుల దాకా సమంగా రాస్తూ చెప్పింది. పై గదులు బాగుంటాయి, అక్కడ ఏ గదన్నా ఖాళీ అయితే ముందు ఎవరి కుర్చీ లోపల పడితే గది వాళ్ళది. సంస్థకు పట్టదు. ఇది మా మధ్య కట్టు. ఎవరూ పోట్లాడుకోకుండా పెట్టుకున్నాం.

"ఖాళీ అవడమంటే?" అన్నాడు హూబ్.

"అబ్బే, చావక్కర్లేదు. తరలించినా లెక్కే," అంది అన్నెలోట్.

బల్ల చివర కూర్చున్న మార్నిక్స్ నవ్వాడు. వాడు లా చదువుతున్నాడు. ఇంట్లో డబ్బుంది, మేడ ఉంది, అయినా ఇక్కడే ఉంటాడు, సరదాట. వాడి గది పడమటి వైపుది. దాన్ని ఎలా సంపాదించాడో వాడే చెప్పుకున్నాడు. దుప్పట్ల బీరువా వెనకాల కుర్చీ దాచి ఉంచాడట. ముసలాయన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే లిఫ్టు కిందికి దిగకముందే కుర్చీ గదిలో ఉందట. మంచం ఇంకా వెచ్చగానే ఉందట. చెప్పి, హూబ్ పళ్ళెంలో జున్ను ముక్క ఒకటి వేశాడు, మర్యాదకు.

హూబ్ ఆ జున్ను తినలేదు. తినలేక కాదు, వాడు వేశాడని. ఆకలిగానే లేచి వెళ్ళి తన తెల్లరాళ్ళ గదిలో పడుకున్నాడు.

*

బేకరీలో హూబ్ పని ఫ్లాయ్ చేయడం. పళ్ళగుజ్జు పరిచి కాల్చే వెడల్పాటి పల్చటి రొట్టె అది, వాళ్ళ లింబుర్గ్ వైపుది. యజమాని రైక్‌కు అది చేసేవాడు కావాల్సి వచ్చే ఇంత దూరం కుర్రాణ్ణి పిలిపించుకున్నాడు. తెల్లారకముందే పులిసిన పిండి ముద్దను బల్ల మీద కర్రతో ఒత్తి, రేకు మీద పరిచి, బొటనవేలితో అంచు చుట్టూ నొక్కుకుంటూ రావాలి. అంచు మందమైతే ఉడకదు, పల్చనైతే మాడుతుంది. హూబ్ బొటనవేలు ఆ పని చూడకుండా చేసేది. వాడి కళ్ళు అప్పుడు ఎక్కడో ఉండేవి. ఎక్కువగా పై అంతస్తు గదుల్లో ఉండేవి.

వాడికి రుచించని సంగతి ఒకటుంది. ఉట్రెక్ట్ జనానికి ఎండు ఆల్‌బుకరా పళ్ళ ఫ్లాయ్ మహా ఇష్టం. నల్లగా నిగనిగలాడుతూ ఉంటుందది. పుట్టినరోజులకు కొనుక్కుపోయేవాళ్ళు. హూబ్ వైపు దాన్ని శవం లేచాక చుట్టాలకు కాఫీతో పెడతారు. మంచిరోజున ఇంట్లోకి తేరు. రైక్‌తో ఒకసారి అంటే, వీళ్ళ డబ్బులకు ఆ సంగతి తెలియదులే, చెయ్యి అన్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నెలోట్ ఆ నల్లదే కొని తెచ్చింది. పై అంతస్తు మూలగదిలో ఉన్న పెల్జెరమ్మగారికి కాఫీ ఇద్దాం, ముసలావిడ ఒంటరిగా ఉంటుంది, నువ్వూ రా, మోయడానికి ఒక చెయ్యి కావాలి అంది. హూబ్ పళ్ళెం పట్టుకుని వెనకాల వెళ్ళాడు.

ఆ గది గడపలో అడుగు పెట్టగానే వాడి కాళ్ళు ఆగిపోయాయి. రెండు వైపులా కిటికీలు. కాలవ మీద ఎండ పడి పైకప్పు మీద కదులుతోంది. గోడ పొడిగా ఉంది. తాకి చూడక్కర్లేదు, తెలుస్తుంది. సబ్బు వాసన, ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన, అంతే. పెల్జెరమ్మ కిటికీ దగ్గర కుర్చీలో చిన్న మూటలా కూర్చుని ఉంది. వేళ్ళు వంకర్లు తిరిగాయి, జుట్టు మాత్రం పాపిడి చెదరకుండా దువ్వి ఉంది.

అన్నెలోట్ కాఫీ పోస్తూనే కిటికీ నుంచి గోడ దాకా, గోడ నుంచి బీరువా దాకా చూపు నడిపించింది. హూబ్ ఆ చూపును గుర్తుపట్టాడు. పశువుల సంతలో బేరగాళ్ళు చూసే చూపు. అసహ్యం వేసింది. అసహ్యపడుతూనే, మంచం అటు తిప్పితే తల వైపు ఎండ పడదు కదా అని తనూ అనుకున్నాడు.

పెల్జెరమ్మ కత్తి తీసుకుని ఫ్లాయ్ మీదికి వంగి ఆగిపోయింది.

"నల్లదా. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ. ఊరికే తెచ్చాం, మీకని," అంది అన్నెలోట్.

"మా వైపు శవం లేచాక పెడతారమ్మా దీన్ని. శవం ఇంకా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటే పెట్టరు."

అన్నెలోట్ అర్థంకాక నవ్వింది. హూబ్ చెవులు వేడెక్కాయి. ఎవరు కాల్చారు దీన్ని అని ముసలావిడ అడిగితే నేనేనన్నాడు, వాళ్ళ యాసలోనే. పెల్జెరమ్మ కత్తి కింద పెట్టి వాడి వంక తిరిగింది. ఏ ఊరు నాయనా అంది. చెప్పాడు.

"మాస్ ఒడ్డా. అయితే తడిసొచ్చావన్నమాట. నాది కెర్‌క్రాదె. బొగ్గుగనుల ఊరు. మీది బురద, మాది మసి. కోయి, పెద్ద ముక్క కోయి. నా కర్మకాఫీ నేనే తాగి పోతా, మిగతావాళ్ళు ఎలాగూ సరిగా చేయరు."

ఆవిడ రెండు ముక్కలు తింది. అంచు బాగా కుదిరిందంది. అన్నెలోట్ మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది.

*

ఆ తర్వాత రోజూ పని దిగాక హూబ్ మూలగదికి వెళ్ళేవాడు. ఆవిడకు సీసా మూత తీసి పెట్టడం, సూదిలో దారం ఎక్కించడం, పైన పెట్టిన పెట్టె కిందికి దించి మళ్ళీ పైన పెట్టడం. ఆవిడ వాళ్ళ ఊరి మాట మాట్లాడేది. ఇన్నాళ్ళూ ఈ నాలుక పక్కన పెట్టి ఉత్తరాదివాళ్ళ నాలుక అరువు తెచ్చుకుని బతికానురా అనేది. ఒకరోజు వానలో తడిసి వస్తే, ఆ మేజోళ్ళు విప్పి గది వెచ్చబెట్టే వేడిగొట్టం మీద ఆరెయ్యి, నీ దగ్గర చెరువు వాసన వస్తోంది అంది. వాడికి తల తీసేసినట్టయింది. బేకరీలో ఎవరూ అనలేదు గాని అందరికీ తెలుస్తూనే ఉండి ఉంటుంది. మేజోళ్ళు ఆరేదాకా ఉత్త కాళ్ళతో ఆవిడ ఎదుట కూర్చున్నాడు. పాదాలకు నేల పొడిగా, వెచ్చగా తగిలింది.

మీరెందుకు వెళ్ళనంటున్నారని ఒకసారి అడిగాడు. కొత్తచోట అన్నీ కొత్తవట కదా. నర్సు యోకె రోజూ వచ్చి బతిమాలుతోంది. పడక వేసి ఉంచారట, దుప్పటి కూడా పరిచారట.

"పుట్టింట్లో ఎనిమిది మందిమి ఒక అటక మీద పడుకున్నాం," అంది పెల్జెరమ్మ. "పనికి వచ్చినచోట దొరసాని చూపించిన మూల పడుకున్నా. పెళ్ళయ్యాక అత్త చూపించిన మంచం. ఆయన పోయాక కొడుకు చూపించిన గది. ఇది ఒక్కటే నేను నా కాళ్ళ మీద నడిచొచ్చి చూసి, ఇదిగో ఇది నాకు అన్నది. అప్పుడు మూడు గదులు చూపించారు. మూడూ తిరిగి చూశా. ఆ ముచ్చట నీకు తెలియదులే."

తెలుసు అనబోయి హూబ్ ఊరుకున్నాడు.

వంటగదిలో వాడి రాకపోకల మీద మాట పుట్టింది. మార్నిక్స్ గ్లాసులు కడుగుతూ, మనమంతా పిచ్చివాళ్ళం, కుర్చీలు దాచుకుంటున్నాం, ఈ రొట్టెలబ్బాయి కుర్చీకి బదులు తనే వెళ్ళి కూర్చున్నాడు అన్నాడు. నేను అందుకు వెళ్ళడం లేదన్నాడు హూబ్. మరెందుకన్నాడు మార్నిక్స్. మా వైపు మనిషి అన్నాడు హూబ్. ఆహా, అన్నాడు మార్నిక్స్, చాలా గౌరవంగా. అన్నెలోట్ రొట్టెకు వెన్న రాసుకుంటూ ఉంది.

ఆ రాత్రి తెల్లరాళ్ళ గదిలో జల్లెడ వాసన ఎక్కువైంది. హూబ్ గోడ వైపు తిరిగి ఆ ఇద్దరినీ మనసారా అసహ్యించుకున్నాడు. పీనుగుల్ని పీక్కుతినే జాతి అనుకున్నాడు. అట్లా అనుకుంటే కాస్త నిద్రపట్టింది.

*

పెల్జెరమ్మ పై అంతస్తు స్నానాలగది గడప తట్టుకుని పడిపోయింది. హూబ్ పని నుంచి వచ్చేసరికి ఆస్పత్రివాళ్ళు తీసుకుపోయారు. యోకె మెట్ల దగ్గర ఎదురై చెప్పింది. ఎముక విరిగిందో లేదో చూస్తారట, ఒకటి రెండు రోజులు ఉంచుకుంటారట.

హూబ్ రెండేసి మెట్లు ఎక్కాడు. మూలగది తలుపు తీసే ఉంది. మంచం పక్కన, ఆవిడ చెప్పులు ఉండే చోట, ఎర్రటి మడత కుర్చీ ఒకటి వేసి ఉంది. ఎవరూ లేరు. కుర్చీ ఒక్కటే దొరలా కూర్చుని ఉంది. కాఫీ కప్పులో ఇంకా సగం కాఫీ మిగిలి ఉంది, మీగడ కట్టింది. హూబ్ కుర్చీ ఎత్తి నడవాలోకి విసిరాడు. గోడకు తగిలి కాలు వంగింది.

మార్నిక్స్ గదిలోంచి వచ్చాడు. కోప్పడలేదు. కుర్చీ తీసుకుని, వంగిన కాలు మోకాలికి ఆనించి నెమ్మదిగా సరిచేసుకున్నాడు.

"కట్టు కట్టే కదా. నువ్వూ ఒప్పుకునే వచ్చావు."

"ఆవిడ తిరిగొస్తుంది."

"వస్తే కుర్చీ తీసేస్తా. కుర్చీయేగా. నేనేం ఆవిడ పక్క మీద పడుకోలేదే." మార్నిక్స్ కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నువ్వు రోజూ కూర్చుంటావు, నేను కుర్చీ వేశాను. నువ్వు సూదిలో దారం ఎక్కిస్తావు గనక నీది ప్రేమ. సరే, కానీ."

వాడు వెళ్ళాడు గాని పూర్తిగా వెళ్ళలేదు. తన గది తలుపు తెరిచే ఉంచాడు. అన్నెలోట్ రెండుసార్లు ఇటు నడిచింది, ఏదో మరిచిపోయినట్టు. వీళ్ళను నమ్మి తలుపు వదిలేస్తే పొద్దునకు మళ్ళీ కుర్చీ ఉంటుందని హూబ్‌కు రూఢి అయింది. గదికి తాళం లేదు, వృద్ధాశ్రమాల్లో తాళాలుండవు. ఆవిడ వచ్చేదాకా తనే కాపలా ఉంటాననుకున్నాడు. కాఫీ కప్పు కడిగి బోర్లించాడు. ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చిన్నది. నడుం పట్టింది. నేల మీద పడుకున్నాడు. నేలైనా పొడి నేల. ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

రెండోరోజు పనికి పోవాలి గనక తన చొక్కా ఒకటి తెచ్చి తలుపు పిడికి తగిలించాడు, ఎవరో ఉన్నారని తెలియడానికి. మధ్యాహ్నం తన కప్పు, తన పళ్ళెం తెచ్చుకున్నాడు. కింద నుంచి మోయడం దండగని గడ్డం గీసుకునే సామాను కూడా తెచ్చుకున్నాడు. కిటికీ గూట్లో ఆవిడ భర్త ఫొటో ఉంటే, పళ్ళేనికి చోటు చాలక దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. ఆ రాత్రి, ఎలాగూ దుప్పటి ఉతకాలి కదా అని మంచం మీద పడుకున్నాడు. అంచు మీదే, ఒత్తిగిలి. వరద వచ్చిన తర్వాత వాడు అంత నిద్రపోయింది లేదు. కలలో కూడా ఏమీ రాలేదు.

మూడోరోజు పని దిగి, పిండి కొట్టుకున్న పంట్లాంతోనే వచ్చి, తడిసిన మేజోళ్ళు వేడిగొట్టం మీద ఆరేసి, కాసేపు నడుం వాలుద్దామని వాలాడు. ఈసారి మంచం మధ్యలో వాలాడు. ఎండ వచ్చి కాళ్ళ మీద పడింది.

చక్రాల చప్పుడుకు మెలకువ వచ్చింది. గుమ్మంలో చక్రాల కుర్చీ, దాన్లో పెల్జెరమ్మ, వెనకాల యోకె. ఎముక విరగలేదు, తుంటి కమిలింది. ఈ రెండు రోజుల్లో ఇంకొంచెం చిన్నదైపోయినట్టుంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. మేజోళ్ళ వంక చూసింది. గూట్లో పళ్ళెం వంక చూసింది, పక్కకు జరిగిన ఫొటో వంక చూసింది. దుప్పటి మీద పిండి మరకలు పడ్డాయి. ఆవిడ చెప్పులు మంచం కిందికి పోయాయి, హూబ్ బూట్లు వాటి చోట్లో ఉన్నాయి.

యోకె ఇదేమిటంది. హూబ్ గభాలున లేచి నిలబడ్డాడు. కాపలా ఉన్నానండీ అన్నాడు. వాళ్ళు కుర్చీ వేశారు, అందుకని. మాట బయటికి వచ్చాక అది ఎలా వినిపించిందో వాడికే వినిపించింది.

"నిద్ర బాగా పట్టిందా?" అంది పెల్జెరమ్మ.

అబద్ధం రాలేదు వాడికి. "పట్టింది మామ్మగారూ."

"పడుతుంది. ఈ వేళప్పుడు ఎండ సరిగ్గా కాళ్ళ మీదికి వస్తుంది."

ఒక్క నిమిషం ఉండండి, అన్నీ తీసేస్తా, దుప్పటి ఉతికి పరుస్తా అంటూ వాడు బూట్లు అందుకున్నాడు, మేజోళ్ళు అందుకున్నాడు, పళ్ళెం చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ నిండాయి, ఫొటో మిగిలిపోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. 

"ఉండనీరా. నువ్వు మంచివాడివి. చిక్కంతా అక్కడే ఉంది. కుర్చీ వేసినవాణ్ణి నాలుగు తిట్టి తరిమేదాన్ని, ఇన్నాళ్ళూ అదే నాకు బలం. నిన్నేమని తరమను?"

తర్వాత మెడ తిప్పకుండానే యోకెతో అంది, వస్తానని చెప్పు ఆ కొత్తచోటివాళ్ళతో, అని. యోకెకు నమ్మకం కుదరలేదు. ఎప్పుడని అడిగింది.

"బండివాడు కింద కాఫీ తాగుతున్నాడన్నావుగా. మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం ఎందుకు? ఇక్కడ మనిషున్నాడు."

హూబ్ వద్దన్నాడు. మామ్మగారూ, ఇది మీరు ఎంచుకున్న గది, మీరే ఉండండి, నేనిప్పుడే కిందికి పోతాను అన్నాడు.  ఆవిడ వినలేదని కాదు, విన్నది.  కిటికీ వైపు కూడా చూడలేదు. యోకె మాత్రం, ఎక్కడ మనసు మారుతుందోనని, కుర్చీని అప్పటికే వెనక్కి తిప్పుతోంది.

సామాను మోయడానికి మార్నిక్స్ వచ్చాడు, అన్నెలోట్ వచ్చింది. ఆ ఇంట్లో వాళ్ళు ఎవరికైనా అంత సాయం చేయగా హూబ్ చూడలేదు. ఒకరు పెట్టె పట్టుకున్నారు, ఒకరు బట్టలు పట్టుకున్నారు. అన్నెలోట్ ఫొటోను తువ్వాలులో చుట్టి, పగలకుండా జాగ్రత్త అని మూడుసార్లు అంది. మార్నిక్స్ లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడి పెల్జెరమ్మకు తల వంచి నమస్కరించాడు. హూబ్ చేతుల్లో బూట్లున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక మెట్ల మీది నుంచి ఉత్తకాళ్ళతోనే కిందికి పరిగెత్తాడు. బండి తలుపు వేసేశారు. అద్దంలోంచి ఆవిడ పాపిడి కనపడింది, ముఖం కనపడలేదు.

సాయంత్రం మార్నిక్స్ బీరు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్ద సీసా హూబ్ ముందుకు తోశాడు. వెక్కిరింత కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

"నేను కుర్చీతో కుస్తీ పడుతుంటే, ఆశ్రమంవాళ్ళు నెలల తరబడి బతిమాలుతుంటే, నువ్వు మూడురోజుల్లో పని కానిచ్చావు. అదీ ఆవిడ నోటితోనే. గది నీదే, ఎవరూ పేచీ పెట్టరు."

"పర్దాలు నీకు అక్కర్లేకపోతే నాకివ్వు," అంది అన్నెలోట్. "నా కిటికీకి సరిపోతాయి."

హూబ్ సీసా ముట్టుకోలేదు. లేచి తన తెల్లరాళ్ళ గదికి పోయాడు. వాళ్ళను తిట్టుకుందామని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్లు రాలేదు. వాళ్ళను ఎంత తిట్టినా ఆ తిట్టు తిరిగి తిరిగి పిండి మరకల దుప్పటి దగ్గరికే వచ్చేది. జల్లెడలోంచి వాసన వస్తూనే ఉంది. తన ఒంటి మీద నుంచి వస్తోందో, నేలలోంచి వస్తోందో తెలియలేదు. ఆ గదిలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మార్నిక్స్‌కు ఇచ్చేద్దామనుకున్నాడు. వాడి కుర్చీ అక్కడ పడితే చూడలేననుకున్నాడు. ఆ విధవరాలి వెనక గది ఇంకా ఖాళీగా ఉంటుందేమో కనుక్కుందామనుకున్నాడు. చేపల వాసన తలచుకున్నాడు. మనసు ఏదీ ఒప్పుకోలేదు. పరుపు అడుగున చెమ్మ మెల్లిగా వీపుకు ఎక్కింది.

మర్నాడు తెల్లారకముందే, అందరూ ఇంకా నిద్రలో ఉండగా, హూబ్ పరుపు చుట్టి తాడు కట్టి భుజానికెత్తుకున్నాడు. లిఫ్టు చప్పుడు చేస్తుందని మెట్ల మీదుగానే ఎక్కాడు. మూలగదిలో పాత దుప్పటి తీసి నడవాలో పడేసి, తన పరుపు పరిచాడు. తల వైపు ఎండ పడకుండా మంచం తిప్పుకున్నాడు. గదిలో ఆవిడ సబ్బు వాసన ఇంకా ఉంది. అది పోవాలని రెండు కిటికీలూ బార్లా తెరిచిపెట్టి, పనికి పోయాడు.